ఒకే శిలాద్రవం నుంచి ఇన్ని రాళ్ళు ఎలా? భూగర్భంలో మాగ్మా చల్లారే తీరు

ఒంగోలు దగ్గరి చీమకుర్తి క్వారీల్లో దొరికే నల్లరాయి ఒళ్ళంతా బంగారు రవ్వల్లాంటి మెరుపులతో ఉంటుంది. దాన్ని ‘బ్లాక్ గెలాక్సీ గ్రానైట్’ అనే పేరుతో దేశదేశాలకు ఎగుమతి చేస్తున్నారు. గోల్కొండ కోట నిలిచి ఉన్న గుట్టనూ గ్రానైట్ అనే అంటాం. మార్కెట్లో గట్టిగా ఉండి, మెరుగు పట్టే రాయి ఏదైనా గ్రానైటే కాబట్టి అక్కడ ఈ పేరుతో ఇబ్బంది లేదు. భూవిజ్ఞానం లెక్కలో మాత్రం గోల్కొండ గుట్ట గ్రానైట్, చీమకుర్తి రాయి గాబ్రో అనే మరో నల్లరాతి జాతికి చెందినది. రెండూ ఒకనాడు భూగర్భంలో ద్రవంగా ఉండి, పైకి రాకుండానే చల్లారి గట్టిపడినవే. అయినా ఒకటి గులాబీ, బూడిద రంగుల్లోనూ, మరొకటి కాటుక నలుపులోనూ ఎందుకున్నాయో తెలియాలంటే, చల్లారడం అనే మాట వెనుక ఎన్ని వేర్వేరు ప్రక్రియలు దాగి ఉన్నాయో విడివిడిగా చూడాలి.

ముందుగా మాటల అర్థాలు. భూమి లోపల కరిగిన స్థితిలో ఉన్న రాతి పదార్థం శిలాద్రవం, అంటే మాగ్మా. అందులో పూర్తి ద్రవంతోపాటు తేలియాడే స్ఫటికాలు, ద్రవంలో కరిగి ఉన్న నీటి ఆవిరి, ఇతర వాయువులు కూడా ఉంటాయి. అది ఉపరితలం మీదికి వస్తే లావా. ఎక్కడ చల్లారినా దాని నుంచి ఏర్పడేది అగ్నిశిల. లోపలే గట్టిపడితే అంతర్గమ శిల, బయటికి వచ్చి గట్టిపడితే బహిర్గమ శిల. ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లో కనిపించే దక్కన్ బసాల్ట్ దాదాపు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట లావాగా పారిన బహిర్గమ శిల. హైదరాబాద్ గుట్టలు దాదాపు 250 కోట్ల ఏళ్ళ నాటి అంతర్గమ శిలలు.

## మన కాళ్ళ కింద ఉన్నదంతా ద్రవం కాదు

భూమి పైన పలుచని రాతి పెంకు ఉందని, దాని కిందంతా కుతకుత ఉడికే శిలాద్రవ సముద్రమని చాలామంది అనుకుంటారు. ఇది నిజం కాదు. భూకంపాల సమయంలో పుట్టే తరంగాల్లో ఒక రకం, అడ్డంగా ఊగుతూ ముందుకు సాగేవి, ద్రవంలో ప్రయాణించలేవు. ఆ తరంగాలు భూపటలం కింద దాదాపు 2,900 కిలోమీటర్ల లోతు వరకు ఉన్న ప్రావారం గుండా చక్కగా ప్రయాణిస్తాయి. అంటే ప్రావారం వేడిగా ఉన్నా ఘనపదార్థమే. దాని కింద ఉన్న బాహ్య కేంద్రమండలం ద్రవమే గానీ అది కరిగిన ఇనుము. అగ్నిపర్వతాల శిలాద్రవం అక్కడి నుంచి వచ్చేది కాదు.

అంత వేడిలోనూ రాయి కరగకపోవడానికి కారణం ఒత్తిడి. లోతుకు వెళ్ళేకొద్దీ ఉష్ణోగ్రత పెరుగుతుంది, దానితోపాటే రాయి కరగడానికి కావలసిన ఉష్ణోగ్రతా పెరుగుతుంది. కాబట్టి రాయి కరగాలంటే ఏదో ఒక ప్రత్యేక పరిస్థితి రావాలి. వేడి ప్రావారం పైకి లేచి దాని మీది ఒత్తిడి తగ్గవచ్చు. సముద్రపు అడుగు ఫలకం లోపలికి దిగబడుతూ తనలోని నీటిని వదిలితే, ఆ నీరు పైనున్న రాతి కరుగుదల ఉష్ణోగ్రతను తగ్గించవచ్చు. లేదా కింది నుంచి వచ్చిన మరింత వేడి శిలాద్రవం భూపటలంలోని పాత రాళ్ళను కరిగించవచ్చు. ఏ దారిలో పుట్టినా, చుట్టూ ఉన్న ఘనశిల కంటే తేలిక కాబట్టి శిలాద్రవం పగుళ్ళ వెంట పైకి సాగుతుంది. అందులో చాలా భాగం ఉపరితలం చేరకుండానే ఎక్కడో ఒకచోట ఆగిపోతుంది. బసాల్ట్ తరహా శిలాద్రవం ఉష్ణోగ్రత 1,000 నుంచి 1,200 డిగ్రీల సెల్సియస్ మధ్య, గ్రానైట్ తరహాది సుమారు 650 నుంచి 850 డిగ్రీల మధ్య ఉంటుంది.

## చల్లారడానికి ఎంతకాలం పడుతుంది?

రాయి వేడిని చాలా నెమ్మదిగా వదిలే పదార్థం. వేడి రాతిలో ఎంత దూరం పాకడానికి ఎంతకాలం పడుతుందో అంచనా వేయడానికి ఒక సులువైన లెక్క ఉంది. శిలాద్రవం చేరిన పొర మందంలో సగాన్ని మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని పన్నెండుతో గుణిస్తే, చల్లారడానికి సుమారుగా పట్టే రోజుల సంఖ్య వస్తుంది. ఇది కచ్చితమైన సూత్రం కాదు, కాలం ఏ మోతాదులో ఉంటుందో చెప్పే అంచనా మాత్రమే.

20 మీటర్ల మందమున్న పొర తీసుకుందాం. సగం 10 మీటర్లు, వర్గం 100, రోజులు 1,200, అంటే మూడేళ్ళ పైచిలుకు. మందం 2 కిలోమీటర్లయితే సగం 1,000 మీటర్లు, వర్గం పది లక్షలు, రోజులు కోటీ ఇరవై లక్షలు, అంటే సుమారు 33,000 ఏళ్ళు. మందం 10 కిలోమీటర్లయితే లెక్క 8 లక్షల ఏళ్ళు దాటుతుంది. మందం పదింతలైతే కాలం వందింతలవుతుందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం. తర్వాత వచ్చే ఒక పెద్ద వివాదానికి ఈ లెక్కే ఆధారం.

ఈ అంచనాను నిజమైన ఉదాహరణతో సరిచూసే అవకాశం హవాయిలో దొరికింది. 1959లో కిలవేయా ఇకి అనే బిలంలో లావా నిండి, దాదాపు 135 మీటర్ల లోతున్న సరస్సుగా నిలిచింది. శాస్త్రజ్ఞులు పైపెంకు గట్టిపడిన నాటి నుంచి దానిలోకి పదేపదే బోరు దించి, అది ఏటేటా ఎలా మందమవుతుందో కొలిచారు. సరస్సు పూర్తిగా గట్టిపడడానికి 1990ల మధ్య వరకు, అంటే సుమారు 35 ఏళ్ళు పట్టింది. మన లెక్క దాదాపు 150 ఏళ్ళు చెబుతుంది. తేడాకు కారణాలు తెలిసినవే. రాయి గట్టిపడడం ముందు జరుగుతుంది, పరిసరాల ఉష్ణోగ్రతకు దిగడం చాలా తర్వాత జరుగుతుంది. పైగా వాననీరు పగుళ్ళలోకి ఇంకి, ఆవిరై, వేడిని తీసుకుపోయింది. భూగర్భంలోనూ పగుళ్ళలో తిరిగే నీరు ఇలాగే చల్లదనాన్ని త్వరితం చేస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో పనిచేసే కారణం కూడా ఉంది. ద్రవం స్ఫటికంగా మారేటప్పుడు వేడి విడుదలవుతుంది. ఒక కిలో శిలాద్రవం స్ఫటికంగా మారితే వెలువడే వేడి, అంతే రాయి మామూలుగా ఓ 300 డిగ్రీలు చల్లారితే వెలువడే వేడికి దాదాపు సమానం. అందుకే ఉష్ణోగ్రత తిన్నగా పడిపోదు, స్ఫటికాలు ఏర్పడే దశలో చాలాకాలం నిలకడగా సాగుతుంది.

## నెమ్మదిగా చల్లారితే పెద్ద స్ఫటికాలు: ఈ సూత్రం ఎంతవరకు నిజం?

బడిపుస్తకాల్లో చెప్పే సూత్రం ఇది: త్వరగా చల్లారితే చిన్న స్ఫటికాలు, నెమ్మదిగా చల్లారితే పెద్దవి. దీన్ని ప్రయోగంతో చూపినవాడు స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ హాల్. 1798లో ఆయన నల్లని బసాల్ట్ తరహా రాళ్ళను కొలిమిలో కరిగించి, త్వరగా చల్లార్చితే గాజు వస్తుందని, అదే ద్రవాన్ని నెమ్మదిగా చల్లార్చితే స్ఫటికాలతో కూడిన రాయి వస్తుందని నిరూపించాడు. ఒకే పదార్థం, చల్లారిన వేగాన్ని బట్టి, రెండు వేర్వేరు రూపాలు దాల్చగలదని తేలింది.

తెలంగాణ గ్రానైట్ భూముల్లో ఈ సూత్రాన్ని కంటితోనే చూడవచ్చు. గులాబీ, బూడిద రంగు గుట్టలను చీల్చుకుంటూ నల్లరాయి గోడలు చాలా దూరం సాగుతుంటాయి. ఇవి గట్టిపడిన గ్రానైట్ పగుళ్ళలోకి తర్వాతికాలంలో చొచ్చుకువచ్చిన శిలాద్రవం చల్లారగా ఏర్పడిన డోలరైట్ డైకులు. తెలంగాణ కూడా ఉన్న తూర్పు ధార్వార్ అనే ప్రాచీన శిలాప్రాంతంలోని వీటిలో ఒక సముదాయం వయసు సుమారు 237 కోట్ల ఏళ్ళు, మరొకటి సుమారు 218 కోట్ల ఏళ్ళు. డైకు అంచున చూస్తే రాయి నున్నగా, రేణువులు కంటికి ఆనకుండా ఉంటుంది. మధ్యకు వెళ్ళేకొద్దీ రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. అప్పటికే చల్లగా ఉన్న గ్రానైట్‌ను తాకిన అంచు వెంటనే గట్టిపడింది, మధ్యభాగానికి మరికొంత వ్యవధి దొరికింది. ఏది ముందు వచ్చిందో, ఏది తర్వాత వచ్చిందో చెప్పడానికి కూడా ఈ నున్నని అంచే సాక్ష్యం.

అయితే నెల్లూరు దగ్గరి గూడూరు పరిసరాల అభ్రకం గనుల్లోకి వచ్చేసరికి ఈ సూత్రం సరిపోదు. కాకిబంగారం అని మనవాళ్ళు పిలిచే ఆ అభ్రకం పెగ్మటైట్ అనే ముతక శిలలో పెద్దపెద్ద దళసరి పలకలుగా దొరుకుతుంది. సూత్రం ప్రకారం చూస్తే, ఇంత పెద్ద స్ఫటికాలున్న శిల గ్రానైట్ కంటే ఎంతో నెమ్మదిగా చల్లారి ఉండాలి. కానీ ప్రపంచంలో చాలాచోట్ల పెగ్మటైట్లు సన్నని చీలికల్లో కనిపిస్తాయి. నాలుగు మీటర్ల చీలికను మన లెక్కలో పెడితే, చుట్టుపక్కల రాయి చల్లగా ఉంటే, రెండు నెలల లోపు వస్తుంది. చుట్టూ ఉన్న రాయి వేడిగా ఉంటే ఆ కాలం పెరుగుతుంది, కానీ పక్కనున్న గ్రానైట్ రాశి చల్లారే కాలంతో పోటీ పడేంత పెరగదు.

స్ఫటికం పరిమాణాన్ని నిర్ణయించేది కాలం ఒక్కటే కాదు, ఎన్ని చోట్ల స్ఫటిక బీజాలు పడ్డాయన్నది కూడా. బీజాలు కొన్నే పడి, వాటికి కావలసిన అణువులు దూరం నుంచి వేగంగా చేరగలిగితే, తక్కువ కాలంలోనే స్ఫటికాలు పెద్దవవుతాయి. గ్రానైట్ దాదాపుగా గట్టిపడ్డాక చివర మిగిలే కొద్దిపాటి ద్రవంలో నీరు, బోరాన్, ఫ్లోరిన్ వంటివి పేరుకుపోతాయి. అవి ద్రవాన్ని పలుచన చేసి, అణువుల కదలికను సులువు చేసి, బీజాలు పడడాన్ని అడ్డుకుంటాయి. పెగ్మటైట్ స్ఫటికాలు త్వరగానే పెరిగాయని ఇప్పుడు చాలామంది పరిశోధకులు అంగీకరిస్తున్నారు, ఎంత త్వరగా అన్నదాని మీదే చర్చ. కాబట్టి, ‘కూర్పు ఒకేలా ఉంటే నెమ్మదిగా చల్లారినదానికి పెద్ద స్ఫటికాలు’ అని షరతుతో చెప్పడమే న్యాయం.

## చల్లారుతూ తనను తాను వడగట్టుకునే ద్రవం

నీరు సున్నా డిగ్రీల దగ్గర మంచుగా మారుతుంది. శిలాద్రవానికి అలా ఒకే గడ్డకట్టే ఉష్ణోగ్రత లేదు. అది అనేక పదార్థాల మిశ్రమం కాబట్టి వందల డిగ్రీల వ్యవధిలో ఒక్కొక్క ఖనిజంగా విడిపోతుంది. వాషింగ్టన్‌లోని కార్నెగీ సంస్థకు చెందిన ప్రయోగశాలలో పనిచేసిన కెనడా శాస్త్రవేత్త నార్మన్ బోవెన్ ఈ క్రమాన్ని ప్రయోగాలతో పట్టుకుని 1922లో వివరించాడు. బసాల్ట్ తరహా ద్రవం చల్లారేటప్పుడు ముందుగా ఆలివిన్, తర్వాత పైరాక్సీన్, ఆపైన హార్న్‌బ్లెండ్, నల్ల అభ్రకం ఏర్పడతాయి. వీటికి సమాంతరంగా కాల్షియం ఎక్కువున్న ఫెల్డ్‌స్పార్ మొదలై, క్రమంగా సోడియం ఎక్కువున్నదిగా మారుతుంది. చివరికి మిగిలేవి పొటాషియం ఫెల్డ్‌స్పార్, తెల్ల అభ్రకం, క్వార్ట్జ్ (పలుగురాయి). ప్రతి శిలాద్రవమూ ఈ వరుసనంతా తు.చ. తప్పకుండా నడవదు, దాని కూర్పును బట్టి, నీటి శాతాన్ని బట్టి కొన్ని మెట్లు తప్పిపోతాయి.

దీని ఫలితం అంకెల్లో చూస్తే స్పష్టమవుతుంది. 100 కిలోల ద్రవంలో 50 కిలోల సిలికా (సిలికాన్, ఆక్సిజన్ల సమ్మేళనం), 10 కిలోల మెగ్నీషియం ఆక్సైడ్ ఉన్నాయనుకుందాం. దాని నుంచి 10 కిలోల ఆలివిన్ స్ఫటికాలు ఏర్పడి అడుగుకు చేరాయి. ఆలివిన్‌లో సుమారు 40 శాతం సిలికా, 45 శాతం మెగ్నీషియం ఆక్సైడ్ ఉంటాయనుకుంటే, అవి 4 కిలోల సిలికాను, నాలుగున్నర కిలోల మెగ్నీషియం ఆక్సైడ్‌ను తీసుకుపోతాయి. మిగిలిన 90 కిలోల ద్రవంలో సిలికా 46 కిలోలు, అంటే 51 శాతం. మెగ్నీషియం ఆక్సైడ్ ఐదున్నర కిలోలు, అంటే 6 శాతం. సిలికా కాస్త పెరిగింది, మెగ్నీషియం మాత్రం బాగా పడిపోయింది. ఇదే వడపోత ఖనిజం తర్వాత ఖనిజంతో సాగితే, నల్లని బరువైన శిలలు ఇచ్చే ద్రవం చివరికి క్వార్ట్జ్ నిండిన లేతరంగు శిలలిచ్చే ద్రవంగా మారుతుంది. స్ఫటికాలు ద్రవం నుంచి వేరుపడడం ఇక్కడ కీలకం. అవి ద్రవంతోనే ఉండిపోతే, చివరికి వచ్చే రాయి మొత్తం కూర్పు మొదటి ద్రవం కూర్పే.

చీమకుర్తి రాయి నలుపు రహస్యం ఈ వరుసలోనే ఉంది. అందులో ప్రధానంగా ఉన్నవి కాల్షియం ఫెల్డ్‌స్పార్, పైరాక్సీన్, అంటే వరుసలో ముందువైపు ఖనిజాలు. గ్రానైట్ అనిపించుకోవాలంటే లేతరంగు ఖనిజాల్లో కనీసం ఐదోవంతు క్వార్ట్జ్ ఉండాలి. చీమకుర్తి రాతికి ఆ లక్షణం లేదు. దానిలోని బంగారు మెరుపు బంగారం వల్ల వచ్చినదీ కాదు. బ్రాంజైట్ అనే పైరాక్సీన్ లోపల ఒకే దిశలో అమరిన అతిసూక్ష్మ ఆక్సైడ్ రేకుల మీద వెలుగు పడి తిరిగి రావడం వల్ల ఆ మెరుపు. అధిక ఉష్ణోగ్రతలో స్ఫటికం తనలో ఇముడ్చుకున్న పదార్థాన్ని చల్లారేకొద్దీ ఇముడ్చుకోలేక, లోపలే సన్నని రేకులుగా విడదీసింది. అంటే ద్రవమంతా అయిపోయి రాయి గట్టిపడ్డాక కూడా చల్లారే కథ ముగియలేదు. దేశదేశాల్లో ఆ రాతికి పలుకుతున్న ధరలో ఈ చివరి దశకూ వాటా ఉంది.

## గ్రానైట్ ఎక్కడి నుంచి వచ్చింది?

గ్రానైట్ నీటి అడుగున పేరుకుని ఏర్పడిందని పద్దెనిమిదో శతాబ్దంలో చాలామంది నమ్మారు. 1785లో జేమ్స్ హటన్ స్కాట్లండ్‌లోని గ్లెన్ టిల్ట్ లోయలో గ్రానైట్ పాయలు పాత రాళ్ళలోకి చొరబడి ఉండడం చూపి, అది ఒకనాడు కరిగిన ద్రవమని వాదించాడు. ఇరవయ్యో శతాబ్దం నడిమిలో వివాదం మరో రూపంలో తిరిగి వచ్చింది. బోవెన్ పక్షం బసాల్ట్ ద్రవపు వడపోతలో చివర మిగిలేదే గ్రానైట్ అంది. హెచ్. హెచ్. రీడ్ వంటి క్షేత్ర పరిశోధకులు, చాలా గ్రానైట్లు పాత శిలలు లోతుల్లో రూపాంతరం చెందగా ఏర్పడ్డాయన్నారు.

బోవెన్ వాదానికి పెద్ద చిక్కు పరిమాణంలో వచ్చింది. బసాల్ట్ ద్రవాన్ని చివరిదాకా వడగట్టినా మిగిలే గ్రానైట్ ద్రవం సుమారు పదోవంతు మాత్రమే. హైదరాబాద్ నుంచి కరీంనగర్ దాకా పరుచుకున్నంత గ్రానైట్ అలా రావాలంటే, దానికి ఎన్నో రెట్ల నల్లశిల అడుగున మిగిలి ఉండాలి. 1958లో టటిల్, బోవెన్ ప్రచురించిన ప్రయోగ ఫలితాలు చిక్కు విప్పడానికి తోడ్పడ్డాయి. నీరున్న పరిస్థితుల్లో క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్ల మిశ్రమం అన్నిటికంటే తక్కువ ఉష్ణోగ్రతలో కరిగే కూర్పు, సహజమైన గ్రానైట్ల కూర్పుకు చాలా దగ్గరగా ఉందని అవి చూపాయి. దిగువ నుంచి ద్రవం చల్లారుతూ వచ్చినా, పాత పటలం వేడెక్కి కరగడం మొదలైనా, రెండు దారులూ ఆ కూర్పు దగ్గరే కలుస్తాయి. నేటి అభిప్రాయంలో రెండు దారులకూ చోటుంది, ఏ గ్రానైట్‌లో ఏది ఎంత అన్నదే ప్రశ్న. ఇద్దరి మాటలోనూ నిజముందని చెప్పడం ఇక్కడ మర్యాద కోసం కాదు, ఆధారాలు అలాగే ఉన్నాయి.

కర్ణాటకలోని క్లోజ్‌పేట గ్రానైట్ ఇందుకు మంచి సాక్ష్యం. రామనగర ప్రాంతం నుంచి ఉత్తరాన హోస్పేట వైపు దాదాపు 400 కిలోమీటర్లు సాగే ఈ రాశి వయసు సుమారు 252 కోట్ల ఏళ్ళు. తర్వాతికాలంలో పటలం వాలి, దక్షిణభాగం ఎక్కువగా కోసుకుపోవడం వల్ల, దక్షిణాన లోతైన భాగాలు, ఉత్తరాన తక్కువ లోతులో గట్టిపడిన భాగాలు ఒకే నేల మీద చూడగలుగుతున్నాం. దక్షిణాన పాత శిలలు కరిగి ప్రావారం నుంచి వచ్చిన ద్రవంతో కలిసిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఉత్తరాన అంచులు స్పష్టంగా ఉన్న గ్రానైట్ రాశులు కనిపిస్తాయి.

గ్రానైట్ ద్రవం పైకి రాకుండా లోపలే ఎందుకు ఎక్కువగా ఆగిపోతుందన్న ప్రశ్నకు జవాబు ఆశ్చర్యకరంగా ఉంటుంది. ఒత్తిడి ఉన్నచోట ద్రవంలో నీరు కరిగి ఉండి, దాని గడ్డకట్టే ఉష్ణోగ్రతను 650 డిగ్రీల దాకా దించుతుంది. ద్రవం పైకి లేచేకొద్దీ ఒత్తిడి తగ్గి, నీరు బుడగలుగా వెళ్ళిపోతుంది. అప్పుడు గడ్డకట్టే ఉష్ణోగ్రత పైకి లేచి ద్రవం ఉష్ణోగ్రతను అందుకుంటుంది. అంటే చెప్పుకోదగ్గంత చల్లారకుండానే, కేవలం నీరు కోల్పోయి, శిలాద్రవం గట్టిపడగలదు. నీరు తక్కువగా ఉన్న వేడి బసాల్ట్ ద్రవానికి ఈ అడ్డంకి లేదు. దక్కన్‌లో అది పొరలు పొరలుగా నేల మీద పారడానికి ఇదొక కారణం.

## కింద ఉన్నది ద్రవంతో నిండిన గదా, నానిన స్ఫటికాల కుప్పా?

అగ్నిపర్వతం బొమ్మలో దాని కింద ఎర్రని ద్రవంతో నిండిన పెద్ద గది గీస్తారు. ఈ బొమ్మ మీద గత కొన్ని దశాబ్దాలుగా గట్టి సందేహాలు వచ్చాయి. కాలిఫోర్నియాలోని యోసెమిటీ ప్రాంతపు టువాలమీ గ్రానైట్ రాశుల్లోని జిర్కాన్ అనే ఖనిజపు స్ఫటికాల వయసు కట్టగా, అవి సుమారు 9.5 కోట్ల ఏళ్ళ నుంచి 8.5 కోట్ల ఏళ్ళ మధ్య ఏర్పడ్డాయని 2004లో కోల్‌మన్, గ్రే, గ్లాజ్నర్ చూపారు. పది కిలోమీటర్ల మందపు రాశి చల్లారడానికి 8 లక్షల ఏళ్ళ పైచిలుకు చాలని మన లెక్క చెప్పింది. అలాంటప్పుడు కోటి ఏళ్ళపాటు అంతా ఒకే ద్రవపు గదిగా ఉండడం అసాధ్యం. చిన్నచిన్న విడతలుగా ద్రవం వచ్చి, ముందు వచ్చినది గట్టిపడ్డాక తర్వాతిది చేరుతూ ఈ రాశి పెరిగిందన్నది వారి వాదన. ఏ సమయంలో చూసినా అక్కడ ఎక్కువగా ఉండేది స్ఫటికాల కుప్ప. తడి ఇసుకలో రేణువుల మధ్య నీరున్నట్లు, ద్రవం ఆ స్ఫటికాల సందుల్లో ఉంటుంది.

అవతలి పక్షం ఆధారాలు కూడా బలమైనవే. సుమారు 74,000 ఏళ్ళ కిందట సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు 2,000 ఘన కిలోమీటర్లకు పైగా శిలాద్రవం బయటపడింది. నంద్యాల జిల్లా జ్వాలాపురంలో దాని బూడిద పొర నేటికీ ఉంది. అంత పదార్థం ఒక్కసారిగా బయటికి రావాలంటే, పేలుడుకు ముందు కొంతకాలమైనా అది పారగలిగే స్థితిలో ఒకచోట చేరి ఉండాలి. జిర్కాన్ల వయసు మీద కూడా ఒక అభ్యంతరం ఉంది: ముందు విడతలో పుట్టిన స్ఫటికాలు తర్వాతి ద్రవంలోకి కొట్టుకువచ్చి ఉంటే, ఆ రాశి గట్టిపడిన కాలం నిజానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఈ రెండు చిత్రాలూ ఒకదానినొకటి పూర్తిగా కొట్టేసేవి కావు. చాలాకాలం స్ఫటికాల కుప్పగా ఉండే రాశిలో, కొత్త వేడి చేరినప్పుడు కొద్దికాలం పెద్ద ద్రవపు పొర కూడుకోవడం సాధ్యమే. అది ఎంత త్వరగా కూడుకుంటుందన్నది మాత్రం అగ్నిపర్వతాల పక్కన బతికే కోట్లాది మందికి ప్రాణసంబంధమైన ప్రశ్న.

ఇంతవరకు ఈ చర్చ ఎక్కువగా చల్లారిన రాళ్ళను, దూరం నుంచి వచ్చే భూకంప తరంగాలను నమ్ముకుని సాగింది. 2009లో ఐస్‌లాండ్‌లోని క్రాఫ్లా దగ్గర భూతాప విద్యుత్తు కోసం దించుతున్న బోరు సుమారు 2.1 కిలోమీటర్ల లోతులో అనుకోకుండా శిలాద్రవంలోకే దిగింది. దాదాపు 900 డిగ్రీల వేడితో, సిలికా ఎక్కువగా ఉన్న ఆ ద్రవం గాజు ముక్కలుగా పైకి వచ్చింది. అంత తక్కువ లోతులో అది ఉన్నట్లు ముందస్తు సర్వేలేవీ పసిగట్టలేదు. ఇప్పుడు అక్కడే మరోసారి, ఈసారి ఉద్దేశపూర్వకంగా, శిలాద్రవం దాకా బోరు దించి దాని ఉష్ణోగ్రతను, అంచున స్ఫటికాలు ఏర్పడే తీరును నేరుగా కొలవడానికి అంతర్జాతీయ బృందం ప్రణాళిక వేసుకుంది.